ఒంగోలు శిక్షణ గురించి పెద్దమ్మ వ్రాసిన ఉత్తరం

కందుకూరు

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నువ్వు హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం మానుకొని వచ్చి, ఒంగోలులో చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థల వారిని కూర్చోబెట్టి, తాము చేసే పని వలన జనానికి ఏ మేరకు మేలు జరిగిందో కొలిచే పద్ధతి మీద రెండు రోజుల శిక్షణ పెట్టబోతున్నావని మొన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. అది కుదిరితే ఏటా నెల్లూరులో ఒక సదస్సు కూడా జరుపుతావట. ముప్పై ఏళ్ళు ఇట్లాంటి సంస్థల పని మీదే ఈ రెండు జిల్లాల మెట్ట ఊళ్ళు తిరిగిన దానిని, మా ఇంటి పిల్ల మళ్ళీ ఆ దారి పట్టిందంటే గర్వపడకుండా ఎట్లా ఉంటాను? మీ పెదనాన్నకు రెండు సార్లు, ఎదురింటి వారికి ఒకసారి చెప్పుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నువ్వు మీ అమ్మకు పంపిన కార్యక్రమ పత్రాన్ని నాకూ పంపించుకొని చదివాను. అందులో పదకొండు అంశాలున్నవి, పదకొండూ బల్ల ముందు కూర్చొని కాగితం మీద చేసేవే. ఎవరి గడపా తొక్కే పని ఒక్కటి కూడా లేదు. నా దిగులంతా అక్కడే ఉన్నది కనుక ఈ ఉత్తరం కొంచెం పెద్దదవుతుంది, ఓపికగా చదువు.

చిన్న విషయాలు ముందు ముగిస్తాను. హాలు బస్టాండుకు నడిచి వెళ్ళగలిగే దూరంలో చూసుకో. మార్చిలో పెట్టకు, అది ప్రతి సంస్థా లెక్కలు మూసుకునే నెల. సంక్రాంతికి ముందు వారమూ పెట్టకు. తెలుగులోనే జరుపు. ఇంగ్లీషు స్లైడ్లు వేసి మధ్య మధ్య తెలుగులో చెబితే వెనుక వరుస వారు తలలూపుతారు తప్ప ప్రశ్న అడగరు.

సాయంత్రం నాలుగు గంటలకు ముగించు. దీనిని చిన్న విషయాల్లో కలపడం లేదు. వచ్చేవారిలో సగం మంది ఆడపిల్లలే ఉంటారు, వారు ఉదయగిరికి, పామూరుకు, కనిగిరి అవతలి ఊళ్ళకు తిరిగి వెళ్ళాలి. నేను ఒకసారి ఇట్లాంటి శిక్షణలోనే ఆరున్నర దాకా సాగదీశాను. చివరి బస్సు తప్పిపోయి, కొత్తగా చేరిన ఒక అమ్మాయితో కలిసి కనిగిరి బస్టాండులో రాత్రంతా కూర్చున్నాను. మాకు ఏ హానీ జరగలేదు. కాని మరుసటి రోజు ఆ పిల్ల తండ్రి వచ్చి, ఒక్క మాట కూడా అనకుండా, ఆమె సంచి తీసుకొని ఆమెను వెంటబెట్టుకొని వెళ్ళిపోయాడు. అంత చక్కగా లెక్క వ్రాసే పిల్ల మళ్ళీ నాకు దొరకలేదు. ఆ శిక్షణకు నలభై ఇద్దరు హాజరైనట్లు రిపోర్టులో వ్రాశాను. మానిపోయిన ఆ ఒక్కరిని వ్రాయడానికి అందులో చోటు లేదు.

మొదటి రోజు పొద్దున్నే ఒక భయం తీర్చు. కంపెనీల చట్టంలోని 135వ సెక్షను నాకంటే నీకే బాగా తెలుసు, కాని వచ్చేవారికి తెలియదు. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలన్న నియమం వచ్చిన నాటి నుంచీ, మరీ ముఖ్యంగా 2021 జనవరిలో నియమాలు సవరించి ప్రభావ అంచనాను తప్పనిసరి చేసిన నాటి నుంచీ, మన చిన్న సంస్థల వారికి ఇంపాక్టు అన్న మాట వింటేనే గుండె దడ. ఆ బాధ్యత కంపెనీది. అది కూడా, గడిచిన మూడేళ్ళ సగటున ఏటా 10 కోట్లో అంతకు మించో ఈ పద్దు కింద ఖర్చు పెట్టవలసిన కంపెనీలకు, కోటి రూపాయలో అంతకు మించో ఖర్చయి, పూర్తయ్యాక ఏడాది గడిచిన ప్రాజెక్టులకు మాత్రమే. అంచనా వేయవలసింది కూడా బయటి స్వతంత్ర సంస్థ. నాలుగు లక్షలతో సాయంత్రపు బడి నడిపే వారి మీద చట్టం ఈ బరువు పెట్టలేదు. ఈ సంగతి అరగంటలో చెప్పేస్తే, ఎవరో అడుగుతారని కాక తమ కోసమే కొలుచుకోవచ్చునన్న ఆలోచన వారికి కలుగుతుంది. ఆ ఆలోచన కలగకుండా నువ్వు ఎన్ని పటాలు గీయించినా వారు గీసి, మడిచి, సంచిలో పెట్టుకొని వెళ్ళిపోతారు.

ఇక నా తప్పు గురించి చెప్పాలి. మీ అమ్మకు కూడా ఇది పూర్తిగా తెలియదు.

1990ల చివర, కనిగిరి దాటిన తరువాత ఒక ఊళ్ళో మేము తాగే నీళ్ళలోని ఫ్లోరైడు తగ్గించే పని చేశాము. ఊరి పేరు చెప్పను, అక్కడి వారు ఇంకా నన్ను పలకరిస్తున్నారు. ఆ ప్రాంతం నీళ్ళ సంగతి నీకు తెలుసు. ఫ్లోరైడు లీటరు నీటికి ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చునని మన ప్రమాణాలు చెబుతుంటే, ఆ ఊరి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. నలభై ఏళ్ళకే నడుము వంగకుండా బిగుసుకుపోయిన వారు ప్రతి వీధిలో ఉండేవారు. నాగపూరులోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ వారు 1970ల్లో రూపొందించిన నల్గొండ పద్ధతి అప్పటికి అందరికీ తెలిసినదే. నీళ్ళలో సున్నము, పటిక, కొద్దిగా బ్లీచింగు పౌడరు కలిపి, పది నిమిషాలు తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడును పట్టుకొని మడ్డి అడుగుకు దిగుతుంది, పై నీళ్ళు వంచుకొని తాగవచ్చు. దీనికోసం అడుగుకు కొంచెం పైగా కుళాయి బిగించిన పెద్ద బకెట్టు, మూత, వడగట్టే గుడ్డ, పటిక పొట్లాలు కలిపి 180 ఇళ్ళకు ఇచ్చాము. దాతలది బయటి సంస్థ. ఏడాది తిరిగేసరికి వారు రిపోర్టు అడిగారు.

ఫారము నేనే తయారు చేశాను. పద్నాలుగు ప్రశ్నలు. మూడవది, "బకెట్టు వాడుతున్నారా? అవును, కాదు" అన్నది. ఇంటింటికీ తిరిగి ఆ ఫారములు నింపినది ఎవరనుకున్నావు? ఆ ఊళ్ళో పొదుపు సంఘాల లెక్కలు వ్రాసే మా అమ్మాయే. వారం వారం పొదుపు డబ్బు వసూలు చేసేది ఆమె, అప్పు దరఖాస్తు మీద ముందుగా సంతకం పెట్టేది ఆమె, బకెట్లు పంచినదీ ఆమె. ఆమె అడిగింది, నూటికి తొంభై మందికి పైగా అవునన్నారు. నేను ఆ అంకెలతో రంగు రంగుల పటం వేయించి, హైదరాబాదులో జరిగిన ఒక సమావేశంలో ఇరవై నిమిషాలు మాట్లాడాను. శాలువా కప్పారు. ఆ పటం చూసే దాతలు మరో మూడు ఊళ్ళకు బకెట్లు మంజూరు చేశారు.

ఆ తరువాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం వేరే పని మీద ఆ ఊరు వెళ్ళాను. దాహం వేసి ఒక ఇంట్లో నీళ్ళు అడిగితే, ముసలమ్మ కుండలో ముంచి ఇచ్చింది. అలవాటు కొద్దీ బకెట్టు ఏదమ్మా అన్నాను. ఆమె మాట మార్చింది. మూలలో మా బకెట్టు కనబడుతూనే ఉన్నది, లేచి మూత తీశాను. సగానికి సజ్జలు పోసి ఉన్నవి, పురుగు పట్టకుండా పైన వేపాకు పరిచి ఉన్నది. కుళాయి ఊడదీసి ఆ రంధ్రంలో పాత చీరపేలిక దోపారు. పక్కింట్లో దానితో బట్టలు జాడిస్తున్నారు. ఆ పై ఇంట్లో బకెట్టే లేదు. కూతురిని అత్తగారింటికి పంపేటప్పుడు సారెతో పాటు ఇచ్చి పంపారట. ఆ సాయంత్రం ఇరవై రెండు ఇళ్ళు తిరిగాను. అడుగున తెల్లటి తడి మడ్డి కనిపించినవి మూడు.

ఎందుకు మానేశారో తెలుసుకోవడానికి నాకు ఇంకో రెండు ప్రయాణాలు పట్టింది. నాలుగో నెలతో పటిక పొట్లాలు అయిపోయినవి. మా బడ్జెటులో ఆ పద్దు ముగిసింది కనుక మేము మళ్ళీ ఇవ్వలేదు, కొనుక్కుంటారని అనుకున్నాము. నీళ్ళు వగరుగా ఉన్నాయని పిల్లలు ఉమ్మేసేవారు. ఒక్కొక్క బోరు నీటికి పటిక మోతాదు వేరుగా ఉండాలి, మేము మాత్రం అందరికీ ఒకే కొలత చెప్పాము. అన్నిటికంటే పెద్ద కారణం పొగాకు. ఆకు కాలం వస్తే ఆడవాళ్ళు చీకటితో ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గరకు వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవారు. వచ్చి, పొయ్యి వెలిగించి, పది నిమిషాలు కర్రతో నీళ్ళు తిప్పి, గంట ఆగి తాగమంటే ఎవరు తాగుతారు?

అవునని ఎందుకు చెప్పారని అడిగాను. ఆ ముసలమ్మ అన్నది ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. "ఎండలో పడి వచ్చి అడిగింది గదమ్మా ఆ బిడ్డ. లేదంటే నువ్వు దాన్ని ఏమంటావో ఏమో. అయినా ఇచ్చినోళ్ళ ముందర వాడలేదని ఎట్టా చెప్తాం?" అప్పు ఆగిపోతుందన్న భయం కొందరికి ఉండవచ్చు, నేను కాదనను. కాని ఎక్కువ మంది, ఇంటికి వచ్చిన పిల్లకు మజ్జిగ ఇచ్చినట్లే ఆ అవునన్న మాట కూడా ఇచ్చారు. నేను ఆ మజ్జిగను తీసుకొని వెళ్ళి హైదరాబాదులో పటం వేశాను.

తల్లీ, ఇంతవరకు చెప్పినది అనుభవలేమి అని క్షమించవచ్చు. దీని తరువాత చేసినదే తప్పు. సంగతి తెలిసి కూడా ఎనిమిది నెలలు దాతలకు చెప్పలేదు. ఆ ప్రాజెక్టు మీద ఆరుగురి జీతాలు నడుస్తున్నవి, వారిలో ఇద్దరు ఒంటరి ఆడవాళ్ళు. ఈ నెల చెబుదాము, వచ్చే నెల చెబుదాము అనుకుంటుండగానే కొత్త మూడు ఊళ్ళలో అవే బకెట్లు, అదే కొలత పటిక, అదే పద్నాలుగు ప్రశ్నల ఫారము చేరిపోయినవి. చివరికి ఉత్తరం వ్రాశాను. వారు నన్ను ఒక్క మాట అనలేదు, మిగిలిన డబ్బు మాత్రం ఆపారు. ఇద్దరిని పని నుంచి మాన్పించవలసి వచ్చింది, అందులో ఒకరు ఫారములు నింపిన ఆ అమ్మాయే. తప్పుడు ప్రశ్న వ్రాసినది నేను, శాలువా కప్పుకున్నది నేను, ఇంటికి వెళ్ళినది ఆమె.

నీ కార్యక్రమ పత్రంలో రెండో రోజు మధ్యాహ్నం, దాతల సమక్షంలో వైఫల్యాలను నిర్భయంగా పంచుకునే చర్చ అని వ్రాశావు. చదివి నాకు కోపం వచ్చింది. నిర్భయంగా అని మనం వ్రాసినంత మాత్రాన భయం పోతుందా? నిజం చెబితే జీతం పోయేది చెప్పినవాడిది కాదు, చాలాసార్లు అతని కింద పని చేసే వారిది. దాతలను మొదటి రోజు పిలవవద్దు. ముందు వారు లేని గదిలో అందరినీ మాట్లాడనివ్వు. రెండో రోజు భోజనానికి ముందు, పొరపాటు బయటపడిన ప్రాజెక్టును వెంటనే ఆపకుండా సరిదిద్దుకోవడానికి ఒక గడువు ఇస్తారా అని దాతలను నువ్వే అందరి ఎదుట అడుగు. ఒప్పుకున్న దాతలుంటే మధ్యాహ్నం నీ చర్చ పెట్టుకో. ఒప్పుకోకపోతే టీ ఇచ్చి పంపించు. నిన్ను కసరాలని కాదు ఈ మాట, నువ్వు మంచిదానివి కనుక ఎదుటివారి ధైర్యం మీద నీకు నమ్మకం ఎక్కువ.

ఆ ప్రాజెక్టులోనే ఇంకో తెలివితక్కువ పని ఉన్నది. పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు తగ్గడాన్ని రెండేళ్ళలో సాధించే ఫలితంగా వ్రాసుకున్నాము. పన్ను చిగురు లోపల తయారయ్యే చిన్నతనంలోనే ఆ మచ్చ పడిపోతుంది, ఒకసారి వచ్చిన పంటి మీద అది ఎంత మంచి నీళ్ళు తాగినా మాసిపోదు. మేము బడిలో పదేళ్ళ పిల్లల నోళ్ళు తెరిపించి రెండు సార్లు లెక్కపెట్టాము, తేడా ఏమీ లేదు, ఉండదు కూడా. లెక్కపెట్టవలసినవి మా కళ్ళ ముందే ఉన్నవి. బకెట్టు అడుగున మడ్డి తడిగా ఉన్నదా? ఇంట్లో పటిక ఎంత మిగిలింది? ఊరి కొట్టులో పటిక అడిగేవారు ఉన్నారా? బోరులోని నీళ్ళు కాదు, గ్లాసులోని నీళ్ళు పరీక్షకు పంపితే ఎంత వచ్చింది? ఇంకా లోతుకు వెళ్ళాలంటే మూత్ర పరీక్షలో ఫ్లోరైడు ఎంత ఉన్నదో తెలుస్తుంది, అది పంటి మచ్చ కంటే త్వరగా మారుతుంది. నీ శిక్షణలో ఔట్‌పుట్టు, ఔట్‌కము, ఇంపాక్టు అని, అంటే చేసిన పని, దానివలన వచ్చిన మార్పు, చివరకు నిలిచిన మేలు అని మూడు గళ్ళు గీయించబోతున్నావు గదా, గీయించు. కాని ప్రతి గడి కిందా, ఇది ఎన్నాళ్ళకు మారగలదు అన్న వరుస ఒకటి వేయించు. మూడేళ్ళలో మారనిదాన్ని ఏడాదికి కొలిచి, మారలేదని ఏడ్చే సంస్థలను, మారిందని అబద్ధం వ్రాసే సంస్థలను చాలా చూశాను.

ప్రశ్నలు వ్రాయడం ఒక పూట నేర్పించు. వాడుతున్నారా అని అడగడానికీ, ఇప్పుడు మీరు నాకు ఇచ్చిన నీళ్ళు ఎక్కడివి అని అడగడానికీ ఎంత తేడా ఉన్నదో చెబితే చాలదు, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగించు. అడిగే మనిషి ఎవరన్నది కూడా ప్రశ్నలో భాగమే. అప్పు ఇచ్చే చేయి ఫారము పట్టుకోకూడదు. పక్క మండలంలోని సంస్థ వారిని పిలిచి మీ ఊళ్ళో అడగమనండి, మీరు వెళ్ళి వారి ఊళ్ళో అడగండి. బస్సు ఖర్చు తప్ప దీనికి డబ్బు అవసరం లేదు. నీ శిక్షణకు వచ్చే వారిని జతలుగా కలిపి పంపగలిగితే, ఆ ఒక్క పని పదకొండు అంశాల పెట్టు.

రెండో రోజు పొద్దున అందరినీ బస్సు ఎక్కించి దగ్గరలోని ఏదైనా ఊరు తీసుకువెళ్ళు. ముందుగా అనుమతి అడుగు, ఎవరి కూలీ పోని వేళ చూసుకో. మేము నేర్చుకున్న రోజుల్లో ముగ్గు పిండి, ఇటుక పొడి, చింతగింజలు పట్టుకొని వెళ్ళి, రచ్చబండ ముందు ఊరి పటం వేయించేవాళ్ళము. మన కాగితం మీద పెన్ను ముట్టని ఆడవాళ్ళు నేల మీద ముగ్గు పోసి, ఇది మంచినీళ్ళ బోరు, ఇది మమ్మల్ని ముట్టనివ్వని బోరు అని రెండు గీతల్లో చూపించేవారు. ఆ రెండో బోరు మా ఫారములో ఎప్పుడూ లేదు. ఇప్పుడు ట్యాబులు వచ్చినవి, మంచిదే, ఎండలో కాగితాలు ఎగిరిపోయే బాధ తప్పింది. ట్యాబుకు ముగ్గు కనబడదన్నది మాత్రం గుర్తు పెట్టుకో.

ఇక్కడ నెల్లూరు సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను, నువ్వు సదస్సు అక్కడ పెడతానంటున్నావు కనుక. 1991లో ఆ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు లెక్కపెట్టవలసినది ఒక్కటే, ఎంత మంది చదవడం వ్రాయడం నేర్చుకున్నారు అన్నది. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు సారా గురించిన పాఠం చదివి, చర్చించుకొని, ఒక రోజు లేచి సారా కొట్టు మూయించారు. దూబగుంట అనే ఆ ఊరి పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఊరూరా ఆడవాళ్ళు సారా వేలం పాటలకు అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్ళే రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకొనే పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. ఆ ఉద్యమపు ఫారములు నేను చూశాను. అందులో సారా కొట్టు అన్న గడి లేదు. ఎవరూ ఊహించి పెట్టలేదు, పెట్టలేరు. అందుకే నీ ఫారము చివర నాలుగు ఖాళీ గీతలు ఉంచమని నా ప్రార్థన, మేము అడగనిది ఏమి జరిగింది అన్న ఒక్క ప్రశ్నతో.

ఆ కథను అక్కడితో ఆపి చప్పట్లు కొట్టించుకునే వారు కూడా సదస్సుకు వస్తారు, జాగ్రత్త. 1997లో నిషేధం సడలించారు. 1995లో నిలబడి కొలిచినవాడికి ఒక ఫలితం, 1998లో నిలబడి కొలిచినవాడికి మరో ఫలితం. ఇక అది ఎవరి వల్ల జరిగిందంటే, ఆ రోజుల్లో నెల్లూరులో పని చేసిన ప్రతి సంస్థా తన వల్లనే అంటుంది. మేము కూడా ఒక రిపోర్టులో అట్లాగే వ్రాసుకున్నాము, ఇప్పుడు తలచుకుంటే సిగ్గు వేస్తుంది. మేము లేకపోయినా ఇది జరిగేదా అన్న ప్రశ్న ప్రతి సంస్థ చేతా గట్టిగా చదివించు. సమాధానం కోసం చీటీలు తీసి ఊళ్ళను రెండు గుంపులు చేసి పోల్చే పద్ధతి ఉన్నది. ఆ దారిలో పని చేసిన ముగ్గురికి 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మన ఉమ్మడి రాష్ట్రంలోనే వందల బడుల్లో ఆ పద్ధతిన పరిశోధన జరిగింది. ఇద్దరు కార్యకర్తలున్న సంస్థకు అది తలకు మించిన పని. పక్క ఊరు ఎట్లా ఉన్నదో ఒకసారి చూసి రావడం, మధ్యలో ప్రభుత్వ పథకం ఏదైనా వచ్చిందా అని నిజాయితీగా వ్రాసుకోవడం వారికి చాలు.

రూపాయి పెడితే సమాజానికి ఇన్ని రూపాయలు తిరిగి వచ్చినవని లెక్కగట్టే పద్ధతికి నువ్వు మూడు గంటలు కేటాయించావు. అమెరికాలో 1990ల్లో పుట్టిన ఆ లెక్క నాకు చెడ్డదనిపించదు, కాని అది నేర్చుకున్న మరునాడే అందరూ చివరి అంకె కోసం వెనుక నుంచి లెక్క వేయడం మొదలుపెడతారు. గంట చాలు. మిగిలిన రెండు గంటలు కథలు సేకరించి, వాటిలో ముఖ్యమైన మార్పు ఏది, ఎందుకని వాదించుకొని ఎన్నుకొనే పద్ధతికి ఇవ్వు. బంగ్లాదేశ్‌లో ఒక గ్రామీణ ప్రాజెక్టు కోసం మొదలైనది అది. మన పొదుపు సంఘాల ఆడవాళ్ళకు వాదించుకోవడం ఎవరూ నేర్పనక్కరలేదు.

కొలిచినది ఏదైనా ఆ ఊరికి తిరిగి వెళ్ళి చదివి వినిపించాలి. దీనికి ఒక రోజు, ఒక బస్సు చార్జీ బడ్జెటులో వేయించు. ఉపాధి హామీ పనుల మీద మన రాష్ట్రంలో సామాజిక తనిఖీలు మొదలైన కొత్తలో నేను ఒక సభకు వెళ్ళాను. పని చేసినవారి పేరు, రోజులు, కూలీ పెద్దగా చదువుతుంటే, వెనుక నుంచి ఒక ముసలాయన లేచి, "ఆ మనిషి చచ్చిపోయి నాలుగేళ్ళాయె" అన్నాడు. మా బకెట్ల రిపోర్టును ఆ ఊరి రచ్చబండ దగ్గర ఒక్కసారి చదివి ఉంటే, హైదరాబాదు దాకా వెళ్ళేదే కాదు.

పిల్లల ఫోటోలు, వంకర కాళ్ళ ఫోటోలు తెర మీద వేయవద్దని ముందే అందరికీ చెప్పు. ఇందులో వాదన లేదు.

ఇక నీ శిక్షణను నువ్వు ఎట్లా కొలుచుకుంటావు? పత్రం చివర నవ్వు మొహం, ఏడుపు మొహం బొమ్మలతో అభిప్రాయ ఫారము పెట్టావు. మంచి భోజనం పెడితే అందరూ నవ్వు మొహం మీదే టిక్కు పెడతారు. శిక్షణలను నాలుగు మెట్లుగా కొలవాలని, నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మారారా, ఫలితం వచ్చిందా అని, కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లోనే చెప్పాడు. నీ ఫారము మొదటి మెట్టు మీదే కూలబడింది. ఆరు నెలల తరువాత ప్రతి సంస్థకూ ఫోను చేసి, మీ ఫారములో నుంచి ఎన్ని ప్రశ్నలు తీసివేశారు, ఎవరి చేత అడిగిస్తున్నారు, విన్నది విని ఏ పని మానుకున్నారు అని అడుగు. ఎవరూ ఏదీ మానుకోలేదంటే శిక్షణ పని చేయలేదని అర్థం చేసుకో, బాధపడవద్దు. మళ్ళీ పెట్టు.

సదస్సులో ఉత్తమ ప్రభావ పురస్కారం అని ఏదో అనుకుంటున్నావట, అది వద్దు. శాలువాలు కూడా వద్దు. నా శాలువా ఇప్పటికీ బీరువాలో మడత విప్పకుండా ఉన్నది.

నీ డబ్బు గురించి మీ అమ్మ భయపడుతున్నది. నేను భయపడటం లేదు. మొదటి ఏడాది పది సంస్థలు వస్తే చాలు, అందులో ఐదు నావి, ఇప్పటికే మాట్లాడాను. డైరెక్టర్లు కాకుండా ఫీల్డులో ఫారములు నింపే పిల్లలను పంపమని గట్టిగా చెప్పాను. వారికి రోజు కూలీ, బస్సు చార్జీ నువ్వు ఇవ్వాలి. తక్కువైతే నన్ను అడుగు, పరాయిదానిలా మొహమాటపడకు.

ఆ బకెట్లలో ఒకటి నా దగ్గర ఉన్నది, సజ్జలు పోసినదే. ఆ ముసలమ్మకు కొత్త డబ్బా కొనిచ్చి తెచ్చుకున్నాను. కుళాయి రంధ్రంలో పేలిక అట్లాగే ఉన్నది. కందుకూరు నుంచి మొదటి బస్సులో దానిని తీసుకొని వస్తాను, నీ హాలులో టీ బల్ల పక్కన పెట్టు. ఎవరైనా మూత తీసి అడిగితే నేనే చెబుతాను, అడగకపోతే సాయంత్రం తిరిగి తీసుకువెళతాను.

మరిచిపోయాను, రెండో రోజు భోజనంలో నెల్లూరు చేపల పులుసు చేయిస్తానన్నావు. ఆ రోజు శనివారం. సగం మంది ముట్టరు, మొదటి రోజుకు మార్చు.

మీ పెద్దమ్మ